ధూమకర్ణుడి చెవికి తగిలిన గాలం

కోటబురుజుల మీది రాగిరేకులు పెనాల్లా కాలే జ్యేష్ఠమాసంలో కూడా నీలఘోషా నది చల్లగానే పారేది. దేవగండ శిఖరం మీద పుట్టి, మద్దిచెట్ల నీడల్లో దోబూచులాడి, నల్లరాళ్ళ నడుమ నురగల చామరాలు వీచుకుంటూ వచ్చి, ఏనుగుదూకు జలపాతం దగ్గర ఒక్కసారిగా లోయలోకి ఉరికేది. ఒడ్డున వట్టివేళ్ళ పరిమళం. నీటిమీద తూనీగల రెక్కల తళతళ. అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టగలిగేంత తేట. ఆ సొగసు చూడటానికి గంధర్వులు సైతం విమానాలు ఆపుకుని దిగేవారని మా ఆస్థానకవి ఒక పద్యం చెప్పాడు. గంధర్వుల సంగతి నాకు తెలియదు. నేనూ, నా మిత్రుడు మకరందుడూ మాత్రం ఏటా వేసవిలో అక్కడికి చేపలు పట్టడానికి వెళ్ళేవాళ్ళం. సరిగ్గా చెప్పాలంటే, చేపలు మకరందుడు పట్టేవాడు. నేను వెళ్ళేవాణ్ణి.

నా పేరు రిపుమర్దనుడు. తామ్రశైల మహారాజుకి ఏకైక కుమారుణ్ణి. శత్రువుల్ని పిండి పిండి చేస్తానని పురోహితుడు ముచ్చటపడి పెట్టిన పేరది. అయితే మకరందుడు చిన్నప్పటినుంచీ దాన్ని కత్తిరించి ‘మర్దనా’ అని పిలవడంతో, అంతఃపురంలో దాసీలు ఆ పిలుపు విన్నప్పుడల్లా నువ్వులనూనె గిన్నె పట్టుకొచ్చేవారు. నేను యుద్ధరంగంలో మర్దించినవాడంటూ ఇంతవరకూ ఎవడూ లేడు.

మకరందుడు మహామంత్రి కొడుకు. బొద్దుగా, నెమ్మదిగా ఉంటాడు. నిద్రపోతున్నాడో ఆలోచిస్తున్నాడో తెలియని కళ్ళు. మా తండ్రిగారు మమ్మల్ని పులులవేటకు పంపుతున్నాననుకునేవారు. మేం అడవి మొదట్లోనే భటుల్ని ఆపేసి, బుట్టలల్లేవాళ్ళ వేషాలు వేసుకుని, గాలపు బద్దలు భుజాన పెట్టుకుని నదికి బయల్దేరేవాళ్ళం. నా మారువేషం ఎంత బాగా కుదిరేదంటే, దారిలో ఎదురైన ప్రతివాడూ “దండాలు యువరాజా” అని పలకరించి పోయేవాడు.

మేం వానపాముల్ని ఎరగా వాడేవాళ్ళం కాదు. మాది బొంకు ఈగ. కోడిపుంజు మెడ ఈకా, లకుముకి పిట్ట రెక్కలోని నీలపుపోగూ తీసుకుని, పట్టుదారంతో గాలపు ముల్లుకి చుట్టి, మైనం రాస్తే, నీటిమీద వాలిన ఈగలా ఉంటుంది. దాన్ని పొడుగాటి దారానికి కట్టి, తలమీదుగా వెనక్కీ ముందుకీ ఊపి, ఈగ వాలినంత మెత్తగా నీళ్ళమీద వాలనివ్వాలి. మకరందుడు అలా వాలనిస్తే రాగిమొప్ప చేపలు నీళ్ళు చీల్చుకుని ఎగిరొచ్చేవి. నేను వాలనిస్తే చుట్టుపక్కల పిట్టలు లేచిపోయేవి.

ఆ రోజు పొద్దున్నే, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి నేను గాలం విసురుతుంటే మకరందుడు తన రాతిమీద కూర్చుని చూస్తున్నాడు.

“ఒరే మర్దనా, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి విసరరా. నువ్వు విసురుతుంటే కల్లంలో చేటతో తూర్పారపడుతున్నట్టుంది.”

“ఆనించే విసురుతున్నాను.”

“ఎవరి పక్కటెముకలకి?”

జవాబు చెప్పబోతుండగా ఎగువనుంచి కప్పల బెకబెకలు వినిపించాయి. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత ఏటి రెండు ఒడ్డులనుంచీ ఒకటే రొద. ఆ రొద మావైపే వస్తోంది.

“మండువేసవిలో కప్పలేమిట్రా?” అన్నాను.

“నీ విసురు చూసి నవ్వుతున్నాయేమో.”

ఉక్రోషం వచ్చి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. దారం సర్రుమని సాగింది. నీటిమీద పడలేదు. ఏటి నడుమ, నిలువెత్తున, ఏమీ లేని గాలిలో ఠక్కున ఆగిపోయింది.

“చెట్టుకి తగిలిందా?” అలవాటుకొద్దీ అడిగాడు మకరందుడు, తలెత్తకుండానే.

“ఇక్కడ చెట్టు లేదురా.”

“నువ్వు విసిరితే ఎక్కణ్ణించో అదే వస్తుందిలే.”

నేను గట్టిగా లాగాను.

“చచ్చాన్రోయ్! నా చెవి! నా చెవి!” అని గాలి అరిచింది.

భయపడి వదిలెయ్యాల్సింది. నేను భయపడి మరింత గట్టిగా లాగాను. ఏటి మధ్య ఖాళీ గాలిలోంచి ఏదో బరువైనది ధబేలుమని పడింది. నీళ్ళు తాటియెత్తున లేచాయి. అవి తిరిగి పడేసరికి నడియేట్లో ఒక మహాకాయం తేలింది. నల్లరాతిలో చెక్కినట్టున్న ముఖం, కొండచిలువలు చుట్టుకున్నట్టున్న జడలు, మెడలో గుడ్లగూబ గోళ్ళ దండ. నుదుటిమీది నల్లటి అంజనం నీళ్ళకి కరిగి చెంపలమీదికి కారుతోంది. ఒక చెవిలోంచి సన్నగా పొగ వస్తోంది. రెండో చెవికి నా బొంకు ఈగ వేలాడుతోంది.

మాంత్రికుడు ధూమకర్ణుడు! తల్లులు పిల్లలకి అన్నం తినిపించడానికి చెప్పే పేరు. కంటికి కనిపించకుండా నీటిమీద నడిచిపోతాడనీ, రాజ్యాల్ని ఎండబెడతాడనీ విన్నాం గానీ, వాడికి చెవి ఉంటుందనీ, దానికి గాలం తగులుతుందనీ ఎవరూ ఊహించలేదు.

వాడి మొలలోంచి జారిన వెండిభరిణె ఒకటి నీటిమీద గిరగిర తిరుగుతూ కొట్టుకుపోతోంది. నిమ్మకాయంత ఉంటుంది. అది ఎటు పోతే అటువైపు కప్పలు అరుస్తున్నాయి. మెరిసేది ఏది కనిపించినా ముందు అందుకుని, తర్వాత అదేమిటో అడగడం మకరందుడి అలవాటు. రాతిమీదినుంచి బుడుంగున దూకి, చేపలా ఈది దాన్ని పట్టుకున్నాడు. తిరిగి ఈదడానికి రెండు చేతులూ కావాలి కదా, భరిణెని బుగ్గన పెట్టుకున్నాడు.

“ఓరి అల్పుడా! అది ఉమ్ము! ఉమ్మెయ్!” అని మాంత్రికుడు గావుకేక పెట్టాడు.

నిండునోటితో మకరందుడు ఏదో జవాబిచ్చాడు. అది మర్యాదైన మాట కాదని వాడి కనుబొమల్ని బట్టి నాకు తెలిసింది. ధూమకర్ణుడు జడల నడిమధ్యనుంచి ఒక కొమ్ము లాగాడు. మైనంతో మూసిన దాని మూతి పళ్ళతో పీకి, లోపల పొడిగా మిగిలిన చిటికెడు భస్మం మకరందుడి మీదికి ఊదాడు.

నీళ్ళమీద మకరందుడి తలపాగా ఒక్కటే తేలింది. దాని పక్కన, రాగిరంగు మొప్పలతో, మోచేతి పొడుగున, బొద్దుగా ఒక చేప తెల్లమొహం వేసుకుని నన్ను చూస్తోంది.

“మకరందా!” అని అరిచాను. చేప నోరు తెరిచింది. మాట రాలేదు. తెరిచిన నోట్లోకి నీళ్ళు పోయి, బుగ్గనున్న భరిణె గొంతులోకి జారింది. అప్పటిదాకా ప్రాణంమీదికి వచ్చిన సంగతి కూడా మాకు వేళాకోళంగానే ఉండేది. ఆ క్షణాన అది పోయింది.

ధూమకర్ణుడు దారం పళ్ళతో తెంపుకుని, నడియేటి రాతిమీదికి పాకి కూర్చుని, జడలు ఒక్కొక్కటే విడదీసి ఎండకి ఆరబెట్టుకోసాగాడు.

“ఎవర్రా నువ్వు?”

“తామ్రశైల యువరాజు రిపుమర్దనుణ్ణి.”

“శత్రువుల్ని మర్దించేవాడివా? ఈ కర్రతోనా?” మూలుగుతూ చెవి తడుముకున్నాడు. “విను కుర్రాడా. తడి ఆరేదాకా నేను పెద్దమంత్రం వెయ్యలేను, మళ్ళీ ఆ నీళ్ళలోకి దిగలేను. నా భరిణె నీ మిత్రుడి కడుపులో ఉంది. ఆ చేపని పట్టి తెచ్చి నా కాళ్ళదగ్గర పడెయ్. వాణ్ణి మళ్ళీ మనిషిని చేసి నీకప్పగిస్తాను. నా మాట మాటే.”

నమ్మాను. చెవుల్లోంచి పొగలొచ్చేవాడు అడవిలో ఇచ్చిన మాటని నమ్మడానికి ఒక ప్రత్యేకమైన తెలివి కావాలి. అది నాకు పుట్టుకతోనే వచ్చింది.

ఇంకో బొంకు ఈగ కట్టుకున్నాను. చేప నాకు బారెడు దూరంలోనే ఉంది. పారిపోవడం మాట అటుంచి, నన్నే చూస్తూ, నావైపు రావడానికి నానా తంటాలూ పడుతోంది. అయితే మకరందుడికి చేపగా ఈదడం ఇంకా చేతకాలేదు. లేని చేతులు జాపబోయి పక్కకి ఒరిగిపోతున్నాడు. అలవాటు ప్రకారం వెల్లకిలా తేలబోయి మునిగిపోతున్నాడు. ఒరిగినప్పుడల్లా ప్రవాహం అతన్ని కాస్త కిందికి, ఏనుగుదూకు హోరువైపు లాగేస్తోంది.

“కదలకు, వస్తున్నా!” అని గాలాన్ని వెనక్కి ఊపాను. అది వెనకే ఉండిపోయింది. మళ్ళీ తగులుకుంది. లాగాను. వెనకనుంచి “అబ్బా!” అని వినిపించింది.

తిరిగి చూస్తే ఒడ్డున గాజుల మలారం భుజాన వేసుకున్న ముసలి సెట్టి నిలబడి ఉన్నాడు. బొడ్డుదాకా ఉండాల్సిన అతని తెల్లగడ్డం నా గాలానికి వేలాడుతూ నావైపు ఎగిరొచ్చింది. గడ్డంతోపాటు ముసలాయన దవడ కూడా ఊడి వచ్చేసిందనుకుని కెవ్వుమన్నాను.

“అరవకండి. అది అతికించిన గడ్డమే,” అంది ఒక పడుచుగొంతు.

గడ్డం పోయిన చోట చక్కటి చుబుకం ఉంది. సెట్టి తలపాగా కింద జారుతున్న జడ ఉంది. మలారం దించి ఆమె నీళ్ళలోకి దిగింది. నడుముకి పొట్టికత్తి, వీపున ఖాళీ తోలుతిత్తి.

“నేను కువలయని. కురంగదేశపు రాజు పెద్దకూతుర్ని. వీడి వెంట కప్పల అరుపులు పట్టుకుని దేశాలు దాటి వస్తున్నాను. ఇప్పటి మీ మాటలన్నీ ఒడ్డునుంచి విన్నాను. ఆ భరిణెలో ఉన్నది మా వాన.”

“వానా?”

“మా దేశపు మేఘాల్నన్నిటినీ వీడు దాన్లో పెట్టి మూత వేశాడు. మా నూతుల్లో ఇప్పుడు బల్లులు కాపురముంటున్నాయి. మా ఊళ్ళో పిల్లలకి చినుకంటే ఏమిటో చేత్తో చూపించి చెప్పాలి.” నా చేతిలోని గాలం చూసి కళ్ళెర్రజేసింది. “ఏం రాకుమారా, స్నేహితుడి మూతికి ముల్లు గుచ్చుతారా?”

అప్పటిదాకా నాకది తట్టనేలేదు.

“వీడు మనిషిని చేస్తానన్నాడు...”

“చేపని చేతికిస్తే కడుపు కోసి భరిణె తీసుకుంటాడు. కోసిన చేపకి ఏ మంత్రం వేస్తే మీ స్నేహితుడు లేచొస్తాడు? వాణ్ణే అడగండి.”

రాతివైపు చూశాను. ధూమకర్ణుడు జడ పిండుకుంటూ ఇకిలించాడు. “రాజకుమారీ, నీ గడ్డమే బాగుండేది,” అని నాలుక మడిచి ఈల వేశాడు. తడిసినా చిన్న విద్యలు వాడికి మిగిలే ఉన్నాయి. దేవగండ శిఖరం మీదినుంచి ఒక నల్లటి చుక్క జారింది. జారేకొద్దీ పెరిగింది. రెక్కలు చాపితే పడవ తెరచాపంత ఉన్న గద్ద అది. దాని నీడ నీటిమీద మకరందుడి వైపు పరుగెడుతోంది.

నేను ముల్లు తుంచి పారేసి, ఉత్త ఈకల్ని విసిరాను. అవి ఎక్కడ పడాలో అక్కడ తప్ప అన్నిచోట్లా పడ్డాయి. ఒకసారి రాతిమీద, ఒకసారి నా నెత్తిమీద. పాపం మకరందుడు ఈక ఎక్కడ పడితే అక్కడికి ఒరుగుతూ దొర్లుతూ వచ్చాడు. నేను లాగేసరికి అది ఇంకోచోటికి పోయేది. పట్టుబడటానికి అంత శ్రమపడ్డ చేప సృష్టిలో ఇంకోటి ఉండదు. చివరికి విసుగెత్తి నీటిలోంచి ఎగిరి, గాలిలోనే ఈకల్ని పెదవులతో కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గద్ద గోళ్ళు చాచింది.

నాకు ఈత అంతంత మాత్రం. ఆ సంగతి మకరందుడి మీదికి దూకి లోతులో పడ్డాక గుర్తొచ్చింది. బద్ద ఒక చేత్తో పట్టుకుని, రెండోచేత్తో చేపని గుండెకి అదుముకుని బోర్లా తిరిగాను. గద్ద గోళ్ళు వీపుమీద నాగలి సాళ్ళలా దిగాయి. నా ఉత్తరీయం, చొక్కా, కొంత చర్మం తీసుకుని అది పైకి లేచింది. మంట నెత్తికెక్కింది. నోట్లో ఏరు. కాళ్ళకింద నేల లేదు. ఏనుగుదూకు హోరు చెవులు గింగురుమనిపిస్తోంది. గుండెల దగ్గర మకరందుడు కొట్టుకుంటున్నాడు, నన్ను వదిలించుకోవడానికి కాదు. తోకతో నీళ్ళు బాది నన్ను ఒడ్డువైపు నెడుతున్నాడు. ఈదడం అప్పుడు నేర్చుకున్నాడు.

గద్ద రెండోసారి దిగింది. కువలయ ఒడ్డుకి పరుగెత్తి, గాజుల మలారమంతా దాని ముఖానికేసి కొట్టింది. రంగురంగుల గాజులు ఎండలో పగిలి తళుక్కుమన్నాయి. కళ్ళు బైర్లుకమ్మి గద్ద కొండవైపు తడబడుతూ ఎగిరిపోయింది. ఆమె వెంటనే నా బద్ద కొస అందుకుని, కాలు రాతికి తన్ని, లాగింది. ధూమకర్ణుణ్ణి మినహాయిస్తే, ఆ వేసవిలో నీలఘోషలో గాలపు బద్దకి చిక్కిన అతిపెద్ద ప్రాణిని నేనే.

ఒడ్డుకి పడగానే ఆమె తోలుతిత్తిని నీటితో నింపి మూతి తెరిచింది. మకరందుణ్ణి అందులోకి జారవిడిచాను. అతను ఒక చుట్టు తిరిగి పైకొచ్చి, రెండు కళ్ళూ నామీద నిలిపాడు. కింద దవడ కొద్దిగా వేలేసి, నేనేదో తెలివితక్కువ పని చేసినప్పుడు చూసే చూపే అది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగా ఏడుపొచ్చింది.

“ఇప్పుడేం చెయ్యాలి?” అన్నాను.

కువలయ రాతివైపు చూపించింది. “వీడివన్నీ పొడిమంత్రాలు. ఏటినీళ్ళు తగిలితే వాడి శక్తి కాసేపు తగ్గుతుంది, అంజనం కరిగి కంటికి కనిపిస్తాడు, అంతే. భరిణె మూత తీస్తే మాత్రం, ఆ వాన ఎక్కడ కురిస్తే అక్కడ వాడు వేసిన మంత్రాలన్నీ విడిపోతాయి. మీ స్నేహితుడు ఇప్పుడే, ఇక్కడే మనిషవుతాడు.”

“మరింకేం!”

“వాన మాత్రం ఇక్కడ కురిసిపోతుంది. మూత తీశాక దాన్ని మళ్ళీ పట్టలేం.”

ఆమె గొంతులో బతిమాలడం లేదు. అందుకే నాకు మరింత కష్టమైంది.

“కురంగదేశానికి తీసుకెళ్ళి తీస్తే?”

“అక్కడైనా మనిషవుతాడు. కానీ దూరం. చేపగా ఎక్కువకాలం ఉంటే తను మనిషినన్న సంగతి కొంచెం కొంచెంగా మరిచిపోతాడు. దారి పొడుగునా మీరు అతనితో మాట్లాడుతూనే ఉండాలి. అయినా మరిచిపోడని నేను మాటివ్వలేను.” ముఖం పక్కకి తిప్పుకుంది. “స్నేహితుడు మీవాడు. ఏమన్నా మీరే అనాలి.”

రాతిమీద ధూమకర్ణుడి రెండో చెవిలోంచి కూడా పొగ మొదలైంది. సగం జడలు ఆరిపోయాయి.

రాజ్యధర్మం గురించి మా గురువుగారు ఎన్నో చెప్పారు. ఆ పాఠాలప్పుడు నేను కిటికీలోంచి తూనీగల్ని చూస్తుండేవాణ్ణి. ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తురాలేదు. తిత్తిమీదికి వంగి, నాకు తెలిసిన భాషలోనే అడిగాను.

“ఒరే మకరందా. విన్నావుగా. నువ్వు ఊఁ అంటే ఇప్పుడే తీసేస్తాను. ఈ అమ్మాయి నన్ను తిట్టుకున్నా సరే, తామ్రశైలం మీదికి దండెత్తినా సరే. చేపల తెలివి నీది, నా తెలివి నీకు తెలిసిందే. నేను తేల్చలేను. నువ్వే చెప్పరా.”

చేప మొప్పలు ఒక్కసారి ఆడించింది. అప్పుడు ఒళ్ళంతా విల్లులా వంచి, ఒకసారి, ఇంకొకసారి, గట్టిగా కక్కింది. నోట్లో వెండి మెరిసింది. నేను చెయ్యి చాచాను. మకరందుడు నా చేతిని దాటి, తిత్తి అంచున ఉన్న కువలయ చేతి దగ్గరికి ఈదాడు. భరిణెని ఆమె అరచేతిలో వదిలాడు. నెమ్మదిగా అడుక్కి దిగి, దూరప్రయాణానికి బండిలో సర్దుకుని కూర్చున్నవాడిలా తోక ముడుచుకుని పడుకున్నాడు.

కువలయ గుప్పిట మూసుకుంది. మూసిన గుప్పిట్లో ఎక్కడో చాలా దూరాన ఉరిమింది. నాకు మకరందుడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంకాస్త ఆలోచించుకోవచ్చుగా! వాడితో చిన్నప్పటినుంచీ ఇదే గొడవ. నాకు మాట మార్చుకునే వ్యవధి ఇవ్వడు.

“పదండి,” అన్నాను. “అవతలి ఒడ్డెక్కితే మీ దేశపు దారి. మా పుట్టి ఆ రెల్లుపొదలో ఉంది.”

రెల్లుపొద దాకా రాళ్ళమీద పడుతూ లేస్తూ పరుగెత్తాం. తోలుతో కప్పిన ఆ గుండ్రటి పుట్టిలో ముగ్గురు పడతారు. ఆమె ఒక పక్కా, నేను ఒక పక్కా, తిత్తి నా ఒళ్ళో. కట్టుతాడు విప్పుతుంటే కువలయ నా మోచెయ్యి పట్టుకుంది. నడియేటి రాయి ఖాళీగా ఉంది. తడిచిన జడల ముద్రలు ఎండకి ఆరిపోతూ, చూస్తుండగానే చెరిగిపోయాయి.

“అంజనం మళ్ళీ పెట్టుకున్నాడు,” అంది మెల్లగా.

కాలితో ఒడ్డుని తన్ని పుట్టిని నీళ్ళలోకి తోశాను. గద్ద లేదు, మాంత్రికుడు లేడు, ఎండలో నది అమాయకంగా మెరుస్తోంది. బతికాం అనుకున్నాను. అంతలో, ఎవరూ కూర్చోని మూడో పక్కన పుట్టి అంచు జానెడు కిందికి దిగింది. గుండ్రంగా ఉండాల్సిన నీటిగీత ఆ పక్కకి ఒరిగింది. కొంత నీరు లోపలికి చిందింది. చిందిన నీరు ఖాళీ చోటికి పారి, అక్కడ దేన్నో చుట్టుకుని రెండు పాయలుగా చీలింది.

నేను కువలయని చూశాను. ఆమె నీటిపాయల్ని చూసింది. ముఖంలో రేఖ కూడా కదలనివ్వకుండా, భరిణె ఉన్న గుప్పిటని పుట్టి అంచు దాటించి నీళ్ళమీద పట్టుకుంది. లాక్కోబోతే ఏట్లో పడుతుంది. ఖాళీ చోటులో ఎవరో ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది.

ఆమె కళ్ళు ఒక్కసారి దిగువకి వెళ్ళి వచ్చాయి. అక్కడ ఏనుగుదూకు అంచున తుంపర తెల్లటి గోడలా లేచి ఉంది. ఏ అంజనమూ ఆ తడికి నిలవదు. ఏ జడా ఆ తడికి ఆరి ఉండదు. దాని అవతల లోయ తప్ప ఏమీ లేదన్నది వేరే సంగతి.

“రాకుమారా,” అంది బిగ్గరగా, సంతకెళ్ళేటప్పుడు కబుర్లాడినట్టు. “మీకు తెడ్డు వెయ్యడం బాగా వచ్చునా?”

ప్రతిసారీ మకరందుడే వేసేవాడు. నేనెప్పుడూ తెడ్డు పట్టి ఎరుగను.

“పుట్టినప్పటినుంచీ వేస్తున్నాను,” అన్నాను.

తెడ్డు నీళ్ళలో ఎటు దింపాలో తోచక ఒకవైపు దింపి తోశాను. పుట్టి బొంగరంలా ఒక చుట్టు తిరిగి, అవతలి ఒడ్డు వదిలేసి, నేరుగా హోరువైపు బయల్దేరింది. ఖాళీ చోటులోంచి ఎవరో పుట్టి అంచుని రెండు చేతులా పట్టుకున్నట్టు వెదురుబద్దలు కిర్రుమన్నాయి.

“అటు కాదురా మూర్ఖుడా! ఇటు! ఇటు తిప్పు!” అని గాలి అరిచింది.

“విన్నావట్రా మకరందా?” అన్నాను తిత్తి మీదికి వంగి. “నువ్వు కూడా ఇదే అనేవాడివి. మరిచిపోకు.”

మొదటి తుంపర మా ముఖాలకి తగిలింది. నేను ఇంకా బలంగా తెడ్డు వేశాను.